డెహ్రాడూన్ పాసింగ్ అవుట్ పరేడ్‌కు వెళ్తున్నారా? పాసు నుంచి నల్లపెట్టె దాకా

ఇంట్లో కుర్రాడు డెహ్రాడూన్ ఇండియన్ మిలిటరీ అకాడమీలో శిక్షణ ముగించుకుంటున్నాడని తెలియగానే మన ఇళ్లలో మొదట మొదలయ్యేది జాబితా. నాన్న, అమ్మ, చెల్లి, నానమ్మ, ఇద్దరు మేనమామలు, పెద్దనాన్న కుటుంబం, చదువు చెప్పిన మాస్టారు. పెళ్లికి వేసినట్టే వేస్తారు. ఇది పెళ్లి కాదు. కాస్త ఆలస్యంగా వచ్చినా ఎవరో ఒకరు లోపలికి తీసుకెళ్తారులే అనుకునే చోటు అసలే కాదు. అక్కడ గేటు దగ్గర జవాను చూసేది రెండే: పాసు, దాని మీది పేరుతో సరిపోయే గుర్తింపు కార్డు.

శిక్షణలో ఉన్న క్యాడెట్లు ఆఫీసర్లయ్యే ఆ పాసింగ్ అవుట్ పరేడ్ రోజున కుటుంబానికి నిజంగా దక్కేది కొద్ది నిమిషాలు. కొడుకు భుజాల మీద ఆఫీసర్ హోదా గుర్తులైన నక్షత్రాలు పెట్టే ఆ కాసేపు. ఆ నిమిషాలకు మీరు సరైన చోట, వణకకుండా, ఆకలితో సోలిపోకుండా నిలబడి ఉంటారా లేదా అన్నది నెల ముందు చేసిన పనుల మీద ఆధారపడి ఉంటుంది. అందుకే పరేడ్ వైభవం కంటే ఆ పనుల గురించే ఇక్కడ ఎక్కువ రాస్తున్నాను.

ముందుగా ఒక గందరగోళం తీర్చుకోవాలి. ఇంటర్ తర్వాత ఎన్‌డీఏకి (నేషనల్ డిఫెన్స్ అకాడమీకి) ఎంపికైన పిల్లలు పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో మూడేళ్లు చదివి అక్కడ ఒక పాసింగ్ అవుట్ పరేడ్ చేస్తారు. అది డిగ్రీ చేతికొచ్చే ఘట్టమే కానీ ఆఫీసర్ అయ్యే రోజు కాదు. ఆర్మీ ఎంచుకున్నవాళ్లు అక్కడి నుంచి డెహ్రాడూన్ వచ్చి ఇంకో ఏడాది శిక్షణ తీసుకుంటారు. డిగ్రీ తర్వాత సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్) పరీక్ష రాసి నేరుగా డెహ్రాడూన్ చేరినవాళ్లకు ఏడాదిన్నర. ఖడక్‌వాస్లాకు ఇంటిల్లిపాదీ కదిలి వెళ్లి, సెలవులూ డబ్బూ అయిపోయి, అసలు నక్షత్రాలు పెట్టే రోజుకు ఒక్క తండ్రే రాగలిగిన కుటుంబాలు ఉన్నాయి. రెండింటిలో ఒక్కదానికే వెళ్లగలిగితే డెహ్రాడూన్‌నే ఎంచుకోండి.

పరేడ్ ఏడాదికి రెండుసార్లు, జూన్‌లోనూ డిసెంబర్‌లోనూ జరుగుతుంది. సాధారణంగా నెలలో రెండో శనివారం. తేదీ ఖాయమయ్యాక మార్పులు అరుదే అయినా, అబ్బాయి నోటి నుంచి వచ్చేదాకా వెనక్కి తీసుకోలేని టికెట్లు కొనకండి.

పాసులు

పాసులు మీరు అకాడమీకి ఉత్తరం రాస్తే రావు. క్యాడెట్ ద్వారానే రావాలి. వారాల ముందే అతని దగ్గర వచ్చేవారి పేర్లు, గుర్తింపు కార్డు నంబర్లు, బండిలో వస్తే బండి నంబరు తీసుకుంటారు. ఎంతమందికి ఇస్తారన్నది బ్యాచ్ పెద్దదా చిన్నదా అన్నదాన్ని బట్టి మారుతుంది. అబ్బాయి ఎన్ని చెబితే అన్నే. ఇంకో ఇద్దరిని ఇరికించమని అతన్ని ఫోన్‌లో సతాయించడం వల్ల ఒరిగేదేమీ లేదు. పాసుల సంఖ్య క్యాడెట్ చేతిలో ఉండదు, పైగా ఆ వారాల్లో అతనికి నిద్రే కరువు.

మనవాళ్లకు తరచూ ఎదురయ్యే చిక్కు పేర్లతోనే. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఓటరు కార్డులో ఒక్క అక్షరమే ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు చివరకు వెళ్లిపోతుంది. అమ్మ పేరు ఒకచోట పుట్టింటి ఇంటిపేరుతో, మరోచోట అత్తింటి ఇంటిపేరుతో. ఇంట్లో అందరూ పిలిచేది మూడో పేరు. అబ్బాయి హడావిడిలో తనకు గుర్తున్న పేరు రాసేస్తాడు. గేటు దగ్గర కార్డుకీ పాసుకీ పొంతన కుదరదు. కాబట్టి పేరు నోటితో చెప్పకండి. ఏ కార్డు వెంట తెస్తారో ఆ కార్డుకే ఫోటో తీసి పంపండి, అందులో అక్షరం అక్షరం ఎలా ఉంటే అలాగే రాయమనండి. ఆ అసలు కార్డునే తీసుకెళ్లండి. జిరాక్స్ కాగితం, ఫోన్‌లో దాచుకున్న ఫోటో రెండూ నమ్ముకోదగ్గవి కావు.

అమెరికాలో ఉన్న అన్నయ్యో అక్కయ్యో వస్తానంటే ముందే అడగాల్సిన ప్రశ్న వాళ్లది ఏ పాస్‌పోర్టు అని. భారత పాస్‌పోర్టు ఉంటే చిక్కు లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు ఉన్నా సరే, సైనిక ప్రాంగణంలోకి విదేశీయుల కిందే లెక్క. ముందస్తు అనుమతి కావాలి, దానికి టైము పడుతుంది. ఈ సంగతి నెలల ముందే అబ్బాయి చెవిన వేయండి. గేటు దగ్గర ఓసీఐ కార్డు చూపించి వాదించి లాభం లేదు.

టాక్సీలో వెళ్తే డ్రైవర్ గుర్తింపు కార్డు కూడా చూస్తారు. బండికి పాసు లేకపోతే అది బయటే ఆగిపోతుంది, మిగతా దూరం నడకే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే ఈ ఒక్క విషయం ముందు తేల్చుకోండి. చంటిపిల్లలను రానిస్తారా లేదా అన్నదీ అడగండి. రానిచ్చినా, మూడు గంటలు కదలకుండా కూర్చునే చోటుకు మూడేళ్ల పిల్లాణ్ణి తీసుకెళ్లడం ఎవరికి సుఖం?

ప్రయాణం

హైదరాబాద్ నుంచి విమానమైతే డెహ్రాడూన్ జాలీ గ్రాంట్‌లో దిగాలి. అది ఊళ్లో లేదు. ఊరికి తూర్పున, రిషికేశ్ వైపు ఉంది. అకాడమీ ఊరికి పడమట, చక్రాతా రోడ్డు మీద ప్రేమ్‌నగర్ దగ్గర. మధ్యలో ఊరంతా దాటాలి. గంటకు పైగా వేసుకోండి, సాయంత్రమైతే ఇంకాస్త.

రైలైతే ఢిల్లీలో మారాలి, ఇక్కడే స్టేషన్ల తిరకాసు ఉంది. తెలంగాణ ఎక్స్‌ప్రెస్, విశాఖ నుంచి వచ్చే ఏపీ ఎక్స్‌ప్రెస్ న్యూఢిల్లీలో దింపుతాయి. దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ నిజాముద్దీన్‌లో ఆగిపోతుంది. డెహ్రాడూన్ శతాబ్ది న్యూఢిల్లీ నుంచి బయలుదేరుతుంది, వందే భారత్ మాత్రం ఆనంద్ విహార్ నుంచి. నాలుగు సూట్‌కేసులతో, ఢిల్లీ ట్రాఫిక్‌లో, ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు రెండు గంటల్లో చేరిపోతామనుకోవడం దురాశ. డిసెంబర్‌లో పొగమంచు ఉంటుంది. ఉత్తరాది రైళ్లు గంటలకొద్దీ ఆలస్యమవుతాయి, ఢిల్లీ ఉదయపు విమానాలదీ అదే గతి. శనివారం పరేడ్ అయితే గురువారం రాత్రికల్లా డెహ్రాడూన్‌లో ఉండేలా టికెట్లు తీసుకోండి. శుక్రవారం సాయంత్రానికి చేరేలా పెట్టుకుంటే, ఒక్క రైలు ఆలస్యమైనా మొత్తం కథ తారుమారు.

బసకు ప్రేమ్‌నగర్, బల్లూపూర్, చక్రాతా రోడ్డు వైపు చూడండి. పరేడ్ వారాంతంలో ఆ చుట్టుపక్కల గదుల అద్దెలు పెరుగుతాయి, దొరకడమూ కష్టమే. తేదీ తెలిసిన రోజే బుక్ చేసుకోండి. ముస్సోరీలో గది తీసుకుని పొద్దున్నే దిగివద్దామనే ఆలోచన అందరికీ వస్తుంది. చలికాలం చీకట్లో ఘాట్ రోడ్డు దిగి, ఊరు దాటి అవతలి కొసకు రావాలి. వద్దు. ఇంకో సంగతి: పరేడ్ ఉదయం పోలీసులు చక్రాతా రోడ్డు మీద ట్రాఫిక్ మళ్లిస్తారు. మళ్లింపు దారులు ముందురోజు స్థానిక పత్రికల్లో వస్తాయి, హోటల్ వాళ్లకూ తెలుస్తాయి. టాక్సీ అతన్ని ముందు సాయంత్రమే మాట్లాడి పెట్టుకోండి. తెల్లవారుజామున ఫోన్‌లో యాప్ తెరిచి బండి కోసం వెతకడం పెద్ద జూదం.

బట్టలు, తిండి, మందులు

డిసెంబర్‌లో డెహ్రాడూన్ తెల్లవారుజాము 5, 6 డిగ్రీల దగ్గర ఉంటుంది. హైదరాబాద్ చలి, లంబసింగి చలి చూశాం కదా అనుకోకండి. ఇక్కడ కదలకుండా, ఆరుబయట, ఏడు దాటాక కానీ రాని సూర్యుడి కోసం ఎదురుచూస్తూ కూర్చోవాలి. కూర్చున్న మనిషికి చలి పాదాల నుంచి ఎక్కుతుంది. అమ్మకు పట్టుచీరే కట్టించండి, ఆ రోజుకు అదే తగినది. చీర లోపల పల్చటి ఉన్ని లోదుస్తులు, కాళ్లకు ఉన్ని సాక్సులు, మూసి ఉండే బూట్లు. కొత్త పట్టుచీరకు స్పోర్ట్స్ షూ ఏమిటని నవ్వేవాళ్లు పది నిమిషాల్లో అసూయపడతారు. శాలువా భుజానికి పిన్నుతో బిగించండి. నక్షత్రం పెట్టేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, జారే శాలువాను మోచేత్తో అదిమిపట్టుకుంటూ ఆ పని కుదరదు. నాన్నకు సూటు ఉంటే సరే, లేకపోతే చొక్కా ప్యాంటు మీద బంద్‌గలా కోటు లేదా స్వెటర్ చాలు. పంచె కట్టుకునే పెద్దవాళ్లు నిక్షేపంగా పంచెలోనే రావచ్చు, లోపల వెచ్చగా వేసుకుంటే. ఆహ్వానంలో దుస్తుల మాట రాసి ఉంటుంది, చదవండి. జీన్స్, చెప్పులు మాత్రం వద్దు.

జూన్‌లో దీనికి పూర్తిగా తిరగబడుతుంది. పరేడ్ ఇంకా పెందలాడే పెడతారు, అయినా ఎండ మాడ్చేస్తుంది. నూలు చీర, టోపీ. గొడుగు లోపలికి రానివ్వకపోవచ్చు, రానిచ్చినా వెనకవాళ్లకు అడ్డం.

హోటల్ వాళ్లు ఆ వేళకు టిఫిన్ పెట్టరు. ముందు రాత్రే బ్రెడ్డో అరటిపళ్లో తెచ్చి పెట్టుకుని తినేసి బయలుదేరండి. షుగర్ ఉన్నవాళ్లు అకాడమీలో ఎక్కడో ఏదో పెడతారులే అని ఖాళీ కడుపుతో మాత్ర వేసుకుని రావడం ప్రమాదకరం. సంచులు తనిఖీ చేస్తారు, పెద్ద సంచులను ఆపేస్తారు. మాత్రలు, చిన్న చాక్లెట్టు జేబులో పెట్టుకోండి. బాత్రూమ్ అవసరం లోపలికి వెళ్లగానే, కూర్చోకముందే తీర్చుకోండి. పరేడ్ మధ్యలో వరుస దాటి లేవడం చుట్టుపక్కల వాళ్లందరికీ ఇబ్బంది.

ఫోను, కెమెరా సంగతి ఆహ్వానంలో రాసిందే చెల్లుతుంది, పోయినసారి వెళ్లినవాళ్లు చెప్పింది కాదు. అనుమతిస్తే ఇంటికి ఒక్కరే వీడియో తీయండి, మిగతావాళ్లు కళ్లతో చూడండి. చలికి ఫోన్ బ్యాటరీ త్వరగా పడిపోతుంది, కోటు లోపలి జేబులో పెట్టుకోండి.

ముందురోజు

పరేడ్‌కు ముందు రోజుల్లో కమాండెంట్ (అకాడమీ అధిపతి) పరేడ్, బహుమతుల సభ, గుర్రపు స్వారీ, వ్యాయామ విన్యాసాలతో మల్టీ యాక్టివిటీ డిస్‌ప్లే ఉంటాయి. వీటిలో కుటుంబాలకు వేటికి పిలుపు ఉందో అబ్బాయిని అడగండి, ఉన్నవాటికి వెళ్లండి. పరేడ్ కంటే ఇందులోనే పిల్లలు ఏం నేర్చుకున్నారో తెలుస్తుంది.

అబ్బాయి శుక్రవారం హోటల్‌కు వచ్చి మనతో భోంచేస్తాడని మాత్రం లెక్క వేసుకోకండి. రిహార్సల్, బూట్ల పాలిష్, బెల్టు, రైఫిల్, యూనిఫాం తనిఖీతోనే అతనికి రోజు చాలదు. ఆ సాయంత్రం కనిపిస్తే అదృష్టం. కనిపించినప్పుడు అడగాల్సినవి మూడున్నాయి, కాగితం మీద రాసుకోండి. పరేడ్‌లో తను ఎక్కడుంటాడు? పిప్పింగ్‌కు, అంటే నక్షత్రాలు పెట్టడానికి, మనం ఎక్కడికి రావాలి? తప్పిపోతే ఎక్కడ కలవాలి?

మొదటి ప్రశ్నకు "నా కంపెనీతో (క్యాడెట్ల బృందంతో) ఉంటా" అంటాడు. అది చాలదు. కొన్ని వందల మంది ఒకే యూనిఫాంలో, ఒకే తీరున పైకెత్తిన చుబుకాలతో, ఒకే అడుగు వేస్తూ వస్తుంటే కన్నతల్లి కూడా కొడుకును పోల్చుకోలేదు. ఏ దళం, ఎన్నో వరుస, కుడి నుంచి ఎన్నోవాడు అని అడగండి. ఒక చిట్కా: డ్రిల్ పద్ధతిలో ఎత్తు ప్రకారం నిలబెట్టేటప్పుడు పొడుగువాళ్లు రెండు కొసలకూ, పొట్టివాళ్లు మధ్యకూ వస్తారు. ఆరడుగుల కొడుకు కోసం వరుస మధ్యలో వెతికితే దొరకడు.

పరేడ్

చోటు చెట్వుడ్ భవనం ముందున్న డ్రిల్ స్క్వేర్. ఆ భవనం సైన్యం కట్టించింది కాదు, ఒకప్పటి రైల్వే స్టాఫ్ కాలేజీది. 1932లో అకాడమీ అక్కడ మొదలైంది. ఆ డిసెంబర్ 10న లాంఛనంగా ప్రారంభించిన ఫీల్డ్ మార్షల్ ఫిలిప్ చెట్వుడ్ పేరే భవనానికి పెట్టారు. దేశ భద్రత, గౌరవం, సంక్షేమం ఎప్పుడైనా ముందు, నీ కింద ఉన్న జవాన్ల బాగు తర్వాత, నీ సొంత సుఖం చిట్టచివర, ఎల్లప్పుడూ, అన్న ఆయన మాటలే ఇక్కడి క్యాడెట్లకు కంఠస్థం. మొదటి బ్యాచ్‌లో చేరింది 40 మంది, అందులో ఒకరు తర్వాత ఆర్మీ చీఫ్ అయిన శామ్ మానెక్‌షా.

డ్రిల్ స్క్వేర్‌ను ఇక్కడ గుడి గర్భాలయంలా చూస్తారు. పరేడ్ అయిపోయింది కదా అని దాని మీదుగా అడ్డంగా నడిచి దగ్గరి దారి పట్టకండి.

ఆజ్ఞలన్నీ హిందీలో ఉంటాయి. సావధాన్ (నిటారుగా నిలబడు), విశ్రామ్ (సడలి నిలబడు), తేజ్ చల్ (వేగంగా నడు), ధీరే చల్ (నెమ్మదిగా నడు), దాహినే దేఖ్ (కుడివైపు చూడు). ఈ అయిదు తెలిస్తే పరేడ్ మొత్తం అర్థమైనట్టే. దళాలు వచ్చి నిలబడ్డాక నిశాన్, అంటే అకాడమీ పతాకం, వస్తుంది. అది మన ముందు నుంచి వెళ్లేటప్పుడు, జాతీయ గీతం వాయించేటప్పుడు లేచి నిలబడాలి. ఎప్పుడు లేవాలో తెలియకపోతే ముందు వరుసల్లోని యూనిఫాం వాళ్లను చూడండి. తర్వాత రివ్యూయింగ్ ఆఫీసర్, అంటే పరేడ్‌ను సమీక్షించే ముఖ్య అతిథి, వస్తారు, వందనం, తనిఖీ, ఆపైన మార్చ్ పాస్ట్, అంటే వేదిక ముందు నుంచి కవాతు. దాహినే దేఖ్ అనగానే అన్ని తలలూ ఒక్కసారి వేదిక వైపు తిరుగుతాయి.

మార్చ్ పాస్ట్ తర్వాత బహుమతులు. అన్నింటా ఉత్తమంగా నిలిచినవాడికి స్వోర్డ్ ఆఫ్ ఆనర్ (గౌరవ ఖడ్గం). మెరిట్ క్రమంలో ముందున్నవాళ్లకు స్వర్ణ, రజత, కాంస్య పతకాలు. మొదటి కంపెనీకి ఆర్మీ చీఫ్ బ్యానర్. స్వోర్డ్ ఆఫ్ ఆనర్, స్వర్ణ పతకం ఒక్కరికే రావాలని లేదు, ఎందుకంటే రెండూ వేర్వేరు కొలతలు. ప్రసంగం జరిగేటప్పుడు పిల్లలు కదలకుండా నిలబడి ఉంటారు. అప్పుడప్పుడు ఒకరిద్దరు తూలి పడిపోతారు. నిద్రలేమి, ఖాళీ కడుపు, మోకాళ్లు బిగించి నిలబడటం వల్ల కాళ్లలో రక్తం నిలిచిపోవడం, ఇవే కారణాలు. వెంటనే పక్కకు తీసుకెళ్లి చూసుకుంటారు. కేకలు వేసుకుంటూ పరుగెత్తకండి. అబ్బాయి పేరు పెట్టి అరవడం, మార్చ్ పాస్ట్ మధ్యలో ఈలలు కూడా వద్దు. చప్పట్లకు చోటు ఉంది, అందరూ కొట్టినప్పుడు కొట్టండి.

ఇక చివరిది అంతిమ్ పగ్. ఈ పేరు వినగానే మన పెద్దవాళ్లు ఉలిక్కిపడతారు. తెలుగులో అంతిమ అంటే మనకు గుర్తొచ్చేది అంతిమయాత్రే కదా! నానమ్మకు ముందే చెప్పి ఉంచండి: పగ్ అంటే అడుగు, క్యాడెట్‌గా వేసే ఆఖరి అడుగు అని అర్థం. బ్యాండు నెమ్మదైన బాణీ అందుకుంటుంది, ధీరే చల్ నడకలో బ్యాచ్ మొత్తం చెట్వుడ్ భవనం మెట్లెక్కి గడప దాటి లోపలికి వెళ్తుంది. హెలికాప్టర్లు పూలు కురిపిస్తాయి. వీడియో తీసేవాళ్లంతా ఇక్కడ తప్పు చేస్తారు: పూల కోసం ఫోన్ ఆకాశం వైపు తిప్పుతారు, ఈలోగా అబ్బాయి గడప దాటిపోతాడు. ముందే తెలుసుకున్న వరుస, సంఖ్య ఇప్పుడు పనికొస్తాయి.

పిప్పింగ్

అంతిమ్ పగ్ అవ్వగానే పిల్లలు బయటికి వచ్చేయరు. రైఫిళ్లు అప్పజెప్పాలి. ఆ ఖాళీలోనే జనం ఒక్కసారిగా లేస్తారు, తోపులాట మొదలవుతుంది, కుటుంబాలు చెల్లాచెదురవుతాయి. కొత్త చోటు, వేలమంది, ఫోన్ సిగ్నల్ ఉంటుందో ఉండదో. ముందురోజు అడిగి పెట్టుకున్న చోటికి నేరుగా నడవండి. భవనం దగ్గర, స్తంభాల ముందు ఫోటోలు తర్వాత కూడా దిగవచ్చు. నడవలేని పెద్దవాళ్లతో ఒకరు నెమ్మదిగా రండి, నక్షత్రాలు పెట్టాల్సిన ఇద్దరూ ముందు వెళ్లండి.

ఆ ఇద్దరూ ఎవరన్నది ఇంట్లోనే తేల్చుకుని రావాలి. రెండు భుజాలు, ఇద్దరు మనుషులు. సాధారణంగా అమ్మ ఒకవైపు, నాన్న ఒకవైపు. నాన్న లేని ఇంట్లో అమ్మ, తాతయ్య. కొందరు చదివించిన మేనమామను నిలబెడతారు, అక్కను నిలబెడతారు. అమ్మానాన్నే కావాలన్న నియమం లేదు. నిర్ణయం అబ్బాయిదే. అక్కడికి వచ్చాక "అదేంటి, పెంచింది నేనైతే..." అని పెద్దవాళ్లలో ఒకరు ముఖం ముడుచుకుంటే, అదే ముఖం జీవితాంతం ఆ ఫోటోలో ఉండిపోతుంది.

లెఫ్టినెంట్‌కు ఒక్కో భుజానికి రెండేసి నక్షత్రాలు. అవి ముందే బిగించి పైన గుడ్డ కప్పి ఉంటే, మన పని ఆ గుడ్డ తీయడమే. విడిగా పెట్టాల్సి వస్తే మాత్రం చేయి తిరగాలి. కొత్త యూనిఫాం భుజపట్టీ బిరుసుగా ఉంటుంది, చలికి వేళ్లు కొంకర్లు పోయి ఉంటాయి, కళ్లల్లో నీళ్లు. ఈసారి ఏ పద్ధతో ముందు సాయంత్రం అడిగి, వీలైతే ఒకసారి చేసి చూడండి. చేతి తొడుగులు తీసేసి జేబులో పెట్టుకోండి. చదవడానికి కళ్లద్దాలు వాడేవాళ్లు అవి వెంట ఉంచుకోండి. పొడుగు కొడుకు భుజం అమ్మకు అందదు. అతను కాస్త వంగుతాడు, తొందరపడి ముని వేళ్ల మీద లేచి తూలకండి.

బొట్టు పెట్టడం, దిష్టి తీయడం, మెడలో దండ వేయడం లాంటివి అక్కడ వద్దు. యూనిఫాం మీద ఒక్క నలుసు పడకుండా రాత్రంతా కూర్చుని సిద్ధం చేసుకున్నాడు. హారతి హోటల్ గదిలో ఇవ్వండి. కాళ్లకు దండం పెడితే పెట్టనివ్వండి, చాలామంది పెడతారు. తల మీద చేయి వేసేటప్పుడు టోపీ చూసుకోండి.

దీని వెంటే అందరూ కలిసి ప్రమాణం చేస్తారు. ఆ తర్వాత కొత్త ఆఫీసర్లు ఒక్కసారిగా కేకలు వేస్తూ టోపీలు ఎగరేస్తారు, స్నేహితుల్ని భుజాల మీదికెత్తుకుంటారు, ఉన్నపళంగా నేల మీద పుష్‌అప్స్ కొడతారు. అదీ వేడుకే. ఉస్తాద్‌లు, అంటే నిన్నటిదాకా గొంతు చించుకుని తిట్టిన డ్రిల్ శిక్షకులు, వచ్చి సెల్యూట్ కొడతారు. ఆ ఉస్తాద్‌ను మీ అబ్బాయి పరిచయం చేస్తే రెండు చేతులా నమస్కారం పెట్టండి. వాణ్ణి ఆ ఆకారానికి తెచ్చింది ఆయనే.

దుండిగల్, చెన్నై అయితే

అందరికీ డెహ్రాడూన్ కాదు. వాయుసేన అయితే హైదరాబాద్ పక్కనే దుండిగల్. 1971 నుంచి నడుస్తున్న ఎయిర్‌ఫోర్స్ అకాడమీ. అక్కడ కంబైన్డ్ గ్రాడ్యుయేషన్ పరేడ్ కూడా జూన్, డిసెంబర్ నెలల్లోనే. చలి బెడద లేదు, విమానాల విన్యాసాల మోత ఉంటుంది, చిన్నపిల్లలకు చెవుల్లో దూది పెట్టండి. పైలట్లకు ఛాతీ మీద వింగ్స్ (రెక్కల బ్యాడ్జీ) పెట్టడం అక్కడి ముఖ్య ఘట్టం, చేరే హోదా ఫ్లయింగ్ ఆఫీసర్. పక్క ఊరే కదా అని ఆలస్యంగా బయలుదేరడమే అక్కడ మనవాళ్లు చేసే తప్పు. ఔటర్ రింగ్ రోడ్డు దిగాక గేటు దగ్గర తనిఖీ వరుస పొడుగ్గా ఉంటుంది.

షార్ట్ సర్వీస్ వాళ్లలో, అంటే కొన్నేళ్ల కాలానికే ఆఫీసర్లుగా చేరేవాళ్లలో, చాలామందికి చెన్నై ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ, సెయింట్ థామస్ మౌంట్ దగ్గర. అమ్మాయిలు అక్కడ 1992 నుంచి శిక్షణ పొందుతున్నారు. అక్కడి పరేడ్లు మార్చి, సెప్టెంబర్ నెలల్లో. మేజర్ పరమేశ్వరన్ పేరున్న డ్రిల్ స్క్వేర్‌లో పొద్దున్నే ఉక్కపోత. మంచినీళ్లు బాగా తాగి వెళ్లండి. విజయవాడ, నెల్లూరు వాళ్లకు రాత్రి రైలెక్కితే సరిపోయే దూరమే అయినా, శుక్రవారం పగటికే చేరండి.

తిరుగు ప్రయాణం

నక్షత్రాలు పెట్టగానే అబ్బాయి మనతో వచ్చేయలేడు. గది ఖాళీ చేయాలి, తీసుకున్న సామాన్లు అప్పజెప్పాలి, ఒక్కో విభాగం దగ్గర సంతకం పెట్టించుకోవాలి, బాకీలు తీర్చాలి. శనివారం సాయంత్రం రైలుకు అతని టికెట్ తీసుకుని, చివరికి అతన్ని వదిలేసి తామే ఎక్కిన కుటుంబాలు ఎన్నో. ఆదివారం హరిద్వార్‌కో రిషికేశ్‌కో వెళ్లి స్నానం, దర్శనం చేసుకుని సోమవారం బయలుదేరేలా పెట్టుకోండి. సెలవు ఎన్ని రోజులు, ఏ తేదీకి ఏ యూనిట్‌లో చేరాలి అన్నది కాగితం మీద ఉంటుంది. తిరుపతి మొక్కు, ఊళ్లో సన్మానం, బంధువుల భోజనాలు ఆ కాగితం చూశాకే నిర్ణయించండి.

డబ్బు దగ్గర ఇబ్బంది పడకండి. అకాడమీ శిక్షణ కాలంలో నెలకు 56,100 రూపాయల స్టైపెండ్ వస్తుంది, లెఫ్టినెంట్ మూల వేతనం మొదలయ్యేదీ అక్కడే. కానుకగా ఉంగరం, గొలుసు కొనాలనుకునేవాళ్లు ముందు అతన్ని అడగండి. గొలుసు కంటే మంచి స్లీపింగ్ బ్యాగో, మంచి చేతిగడియారమో కావాలంటాడు.

చివరగా నల్లపెట్టె. పేరు, హోదా తెల్లరంగుతో రాసిన ఇనప ట్రంకు పెట్టెలు, ఒక్కోసారి రెండు మూడు, పైన బెడ్డింగు. విమానంలో ఆ బరువుకు కట్టే డబ్బుతో ఇంకో టికెట్ వస్తుంది. రైల్లో అయితే పార్శిల్ ఆఫీసులో వేయాలి, ఆదివారం అది ఏ వేళకు తెరుస్తారో శుక్రవారమే అడిగి ఉంచండి. పోస్టింగ్ ఉత్తరాదిలోనో ఈశాన్యంలోనో పడితే ఆ పెట్టెలను ఊరికి మోసుకొచ్చి మళ్లీ వెనక్కి మోయడం ఎందుకు? చాలామంది ఒక్క పెట్టె ఇంటికి తెచ్చుకుని మిగతావి నేరుగా యూనిట్‌కు పంపేస్తారు. తాళం చెవులు రెండు జతలు చేయించి, ఒకటి అమ్మ దగ్గర ఉంచండి.